మన పెద్దవాళ్ల బతుకు లెక్క మనమే రాసుకుందాం

(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం పాఠం)

 

ఇప్పటిదాకా కోశాధికారి అక్క లెక్కలు చదివింది. పొదుపు ఎంత, అంతర్గత అప్పు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, వసూలు ఎంత, అన్నీ విన్నం. ఒక్క రూపాయి తేడా వచ్చినా మనం ఊకోం. పుస్తకం ముందర పెట్టి, మళ్లా కూడి చూపియ్యమంటం. అది మన సంఘాలకు ఉన్న మంచి అలవాటు. నాకు ఇచ్చిన టైములో నేను ఇంకో లెక్క గురించి మాట్లాడాలనుకుంటున్న.

పోయిన ఏడాది మన సమాఖ్యలో నలుగురు పెద్దవాళ్లు కాలం చేసిండ్రు. వాళ్ల పొదుపు, దాని మీద వడ్డీ, పైసాతో సహా లెక్క కట్టి పిల్లలకు అప్పజెప్పినం. రసీదు తీసుకున్నం, మినిట్స్ బుక్కులో తీర్మానం రాసినం. మరి వాళ్లు అరవై, డెబ్బై ఏండ్లు చేసిన కష్టం లెక్క ఎక్కడ రాసి ఉంది? ఏ ఊరి నుంచి వచ్చిండ్రు, ఏ పొలంలో నాట్లేసిండ్రు, ఏ కాలువ తవ్విండ్రు, ఎవరితోని కొట్లాడి కూలి పెంచుకున్నరు? ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లతోటే పోయింది.

ఈ హాల్లో కూసున్నోళ్లల్ల సికింద్రాబాద్‌లోనే పుట్టినోళ్లు చేతులెత్తండంటే సగం చేతులు కూడా లేవవు. అమ్మా నాయిన కూడా ఇక్కడే పుట్టినోళ్లు అంటే ఇంకా తక్కువ. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ 1893లో మొదలైంది. అప్పటి నుంచి రైలు పట్టాల ఎంబడి, కంటోన్మెంట్ ఎంబడి పని వెతుక్కుంట వచ్చినోళ్లతోనే ఈ బస్తీలు నిండినయి. తర్వాత పాలమూరు, నల్లగొండ, మెదక్ పల్లెల నుంచి వానలు పడక, బావులు ఎండి, కైకిలి దొరకక మన అమ్మలు, అత్తలు వచ్చిండ్రు. మనం పట్నం వాళ్లమని చెప్పుకుంటం గానీ, మన ఇండ్లల్ల సగం మంది పొలం పని చేసిన చేతులతోటే పట్నానికి వచ్చినోళ్లు.

'పాలమూరు లేబర్' అనే మాట మీరందరూ విన్నరు. ఒక జిల్లా పేరే కూలి పనికి పేరైపోయింది. కృష్ణ, తుంగభద్ర రెండూ ఆ జిల్లాను తాకే పోతయి. అయినా చాలా పల్లెల్లో పొలానికి నీళ్లు ఎక్కక, ఇంటిల్లిపాది వలస పోవాల్సి వచ్చింది. దసరా ముందో తర్వాతో మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ ఇస్తడు. ఆ పైసలు పాత అప్పుకో, బిడ్డ పెండ్లికో, బియ్యానికో పోతయి. ఇగ ఎండాకాలం దాకా ఆయన ఎక్కడికి తీసుకపోతే అక్కడికి పోవాలె. డ్యాములు, కాలువలు, రోడ్లు, బిల్డింగులు. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిండని మా పిల్లల పుస్తకాల్లో ఉంటది. మంచిదే, ఉండాలె. మరి రాళ్లు మోసినోళ్ల పేర్లు, మట్టి తట్ట నెత్తిన పెట్టుకొని చంకన పిల్లను ఎత్తుకున్నోళ్ల పేర్లు? అవి మనం రాసుకుంటే తప్ప ఎవరూ రాయరు.

మా సంఘంల ఒక అవ్వ ఉంది. పాలమూరు దిక్కు ఆమెది. పేరు చెప్పొద్దన్నది, అందుకే చెప్తలేను. మూడు ఆదివారాలు ఆమె ఇంట్ల కూసొని నేను విన్నది మీకు కొంచెం చెప్తా. చెప్పొచ్చని ఆమే ఒప్పుకున్నది.

ఆకాశం నుంచి స్కైలాబ్ పడుతదని ఊర్లల్ల కోళ్లు, మేకలు కోసుకొని తిన్న ఏడాది అది. అంటే 1979. ఆ ఏడాది దసరా అయినంక మొగుడూ పెండ్లాం ఇద్దరూ మేస్త్రీ కాడ అడ్వాన్స్ తీసుకున్నరు. పెద్దబిడ్డను అత్త కాడ ఇడిచిపెట్టి, చంటిదాన్ని ఎత్తుకొని లారీ ఎక్కింది. భాష రాని రాష్ట్రంలో కాలువ పని. అక్కడ కూలి రోజు లెక్క కాదు, కొలత లెక్క. గుంత తవ్వేటప్పుడు మధ్యలో కొంచెం మట్టి దిమ్మ తవ్వకుండా వదిలేస్తరు. పని అయినంక ఆ దిమ్మ పైనుంచి కిందికి కొలిస్తే ఎంత లోతు తవ్వినమో తెలుస్తది. ఆ దిమ్మనే సాక్షి.

కొన్ని రోజులకు ఆడోళ్లకు అనుమానం వచ్చిందట. ఎంత తవ్వినా కొలత తక్కువే వస్తున్నది. ఒకనాడు తెల్లారుజామున చెంబు పట్టుకొని పోయిన అవ్వ చూసింది, దిమ్మ మీద మట్టి పచ్చిగా ఉంది. రాత్రిపూట ఎవరో పైన రెండు జానలు చెక్కేస్తున్నరు. దిమ్మ పొట్టిగైతే లోతు తక్కువ పడుతది, కూలి తక్కువ పడుతది.

మేస్త్రీని అడిగితే పనికెల్లి తీసేస్తడు. ఏం చేసిండ్రో తెలుసా? ఆ పొద్దుగూకేటాళ్లకు ఆడోళ్లందరూ కలిసి దిమ్మకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు యాపమండలు గుచ్చి, దీపం ముట్టిచ్చిండ్రు. "మైసమ్మ కలలకొచ్చింది, కొలత అయ్యేదాకా ఈడనే ఉంటనన్నది" అని చెప్పిండ్రు. ఇగ ఎవడు ముట్టుకుంటడు? ముట్టుకున్నా పసుపు చెదిరితే తెల్లారి తెలిసిపోతది. ఆ వారం కొలత సక్కగ వచ్చింది. ఆ తర్వాత ప్రతి గుంతలో ప్రతి దిమ్మకు మైసమ్మ వచ్చింది!

మీరు నవ్వుతున్నరు, చెప్పేటప్పుడు అవ్వ కూడా నవ్వింది. కానీ దాని తర్వాత మాట నవ్వకుండ చెప్పింది. "మల్ల ఏడు మేస్త్రీ అందరికీ అడ్వాన్స్ ఇచ్చిండు గానీ మాకు ఇయ్యలే. ఆ ఏడు మేము జొన్న గట్క కూడా కడుపు నిండ తినలే బిడ్డా." అట్ల పని దొరకకనే పట్నం వచ్చిండ్రు. ఒక ఆడమనిషి ముప్పై కుటుంబాల కూలి కాపాడింది, దానికి తన ఇంటి తిండి పోగొట్టుకున్నది. కార్మిక నాయకురాలు అంటే ఇంకేముంటది అక్కా? కానీ ఆమెను నాయకురాలు అని ఎవరూ అనలే. ఆమె కూడా అనుకోలే. "సంఘం అంటే ఏందో మీరు పొదుపు పెట్టినంకనే నాకెరుక" అంటది.

ఇంకో అక్క నల్లగొండ దిక్కు నుంచి వచ్చింది. ఇప్పుడు సీతాఫల్‌మండిలో నాలుగిండ్లల్ల పని చేస్తది. పెండ్లయిన కొత్తల ఆమె నాట్ల గుంపుకు పెద్ద. పాట ఎత్తుకునేది ఆమెనే, గుత్త మాట్లాడేది ఆమెనే. కాలువ నీళ్లున్న పల్లెలకు గుంపును తోలుకొని పోయేది. ఒక కాడ రైతు చెప్పిన కూలి ఒకటి, సాయంత్రం చేతుల పెట్టింది ఒకటి. తెల్లారి గుంపంతా పొలం గట్టు మీద కూసుంది, మడిలో కాలు పెట్టలే. నారు పీకి ఉంది, ఎండకు వాడిపోతున్నది. లొల్లి లేదు, తిట్లు లేవు. పాట మాత్రం పాడుకుంట కూసున్నరట. పొద్దు నెత్తి మీదికి వచ్చేవరకు ఆ రైతు మిగిలిన పైసలు తెచ్చి ఇచ్చిండు. "నారు వాడుతుంటే మాకూ పాణం తరుక్కపోయింది, మేమూ రైతు బిడ్డలమే గదా" అన్నది ఆ అక్క. ఈ మాట ఏ చట్టం పుస్తకంలో దొరుకుతది?

ఇప్పుడు ఇంకో సంగతి. 2021లో ఇ-శ్రమ్ కార్డులు వచ్చినయి కదా, అసంఘటిత కార్మికుల కోసం. మన బస్తీలో పేర్లు రాసేటప్పుడు నేను పక్కనే ఉన్న. "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగితే ఎంతోమంది పెద్దవాళ్లు "ఏం లేదు బిడ్డా, ఇంట్లనే ఉంట" అన్నరు. నలభై ఏండ్లు పొలంలో, మట్టిలో, సిమెంటులో పని చేసినోళ్లు! వాళ్ల పని పనే అని వాళ్లకే చెప్పినోళ్లు లేరు. అందుకే నేను అంటున్న, కథలు రాసుకునుడు ఉత్త ముచ్చట కాదు. నేను ఇది చేసిన అని ఒక మనిషి తన నోటితోని చెప్పుకోవాలె. నలుగురు వినాలె. కాగితం మీద ఉండాలె.

ఇది మనమే కొత్తగా కనిపెట్టింది కాదు. మన హైదరాబాద్‌లోనే స్త్రీశక్తి సంఘటన అని ఒక ఆడవాళ్ల సంఘం ఉండేది. తెలంగాణ రైతాంగ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్లను వెతుక్కుంటూ పోయి, వాళ్లు చెప్పింది టేపు చేసి, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' అనే పుస్తకం వేసిండ్రు. వెట్టికి, దొరతనానికి ఎదురు తిరిగిన ఆ పోరాటం గురించి అప్పటికే మస్తు పుస్తకాలు ఉన్నయి. కానీ తిండి మోసుకపోయినోళ్లు, కబురు అందించినోళ్లు, అడవిలో పిల్లల్ని కన్నోళ్లు, పోరాటం అయిపోయినంక "ఇగ ఇంటికి పోయి వంట చేసుకోండి" అనిపించుకున్నోళ్లు తమ మాట తామే చెప్పుకున్నది అందులోనే. పాలకుర్తిలో తన కౌలు భూమి కోసం విస్నూరు దొరకు ఎదురు నిలిచిన చాకలి ఐలమ్మ మాటలు కూడా అందులో ఉన్నయి. ఐలమ్మ 1985లో చనిపోయింది, పుస్తకం 1986లో వచ్చింది. వాళ్లు రెండేండ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి.

మల్లు స్వరాజ్యం గారి సంగతీ అంతే. చిన్న వయసులనే వెట్టి కూలీల పక్కన నిలబడ్డ మనిషి. ఆమె బతుకు కథ 'నా మాటే తుపాకి తూటా' అని 2019లో పుస్తకంగా వచ్చింది. ఆమె కూసొని రాసింది కాదు. ఆమె చెప్తుంటే విని రాసిండ్రు. 2022లో ఆమె పోయింది. మాట మాత్రం ఉన్నది.

ఇగ మన సికింద్రాబాద్ బిడ్డ టి.ఎన్. సదాలక్ష్మి. సఫాయి పని చేసే మెహతర్ కులంలో ఇక్కడనే పుట్టి, ఎమ్మెల్యే అయి, మంత్రి అయి, అసెంబ్లీలో డిప్యూటీ స్పీకర్ కూడా అయింది. 2004లో కాలం చేసింది. ఆమె నోటితోని విన్న సంగతులతో గోగు శ్యామల 'నేనే బలాన్ని' అనే పుస్తకం రాసిండ్రు, 2011లో వచ్చింది. మన బస్తీల్లో ఎంతమంది ఆడపిల్లలకు ఆమె పేరు తెలుసు? ఆ పుస్తకం లేకపోతే ఆ తెలిసిన కొంచెం కూడా ఉండకపోవు.

"వాళ్లు చదువుకున్నోళ్లు అక్కా, మనతోని ఏమైతది" అంటరేమో. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు ఉన్నయి. అక్కడ బడి మొహం చూడని దళిత మహిళా రైతులే వీడియో కెమెరా పట్టుడు నేర్చుకొని, తమ విత్తనాల మీద, తమ పంటల మీద సినిమాలు తీసిండ్రు. 2008లో మాచునూరులో సంగం రేడియో పెట్టుకొని తమ మాట తామే వినిపిస్తున్నరు. వాళ్లూ మన లెక్క సంఘం మహిళలే. వాళ్లకు అప్పుడు కెమెరా కొత్త. మనకు ఇప్పుడు ప్రతి ఇంట్ల ఒక ఫోన్ ఉన్నది.

కొంచెం దూరం సంగతి కూడా చెప్తా. నూట అరవై ఏండ్ల కిందట మన తెలుగోళ్లను చెరుకు తోటల పనికి ఓడల మీద తీసుకపోయిండ్రు. మారిషస్‌లో తెలుగోళ్లను కోరంగివాళ్లు అనేటోళ్లు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. దక్షిణాఫ్రికాకు మొదటి ఓడ 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి డర్బన్ చేరింది. ఆ ఓడల్లో పోయిన ప్రతి కూలికి ఒక నంబర్ ఇచ్చి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఒంటి మీద గుర్తులు అన్నీ రాసుకున్నరు. ఇప్పుడు వాళ్ల మునిమనవళ్లు ఆ పాత రిజిస్టర్లు తిరగేసి, తాత ఊరు ఏదో వెతుక్కుంటున్నరు. ఊరు పేరు దొరుకుతది, పుట్టుమచ్చ ఏడ ఉందో దొరుకుతది. కానీ ఆ మనిషి ఓడ ఎందుకు ఎక్కింది, ఎవరిని ఇడిచిపెట్టి వచ్చింది, తోటలో ఎవరిని ఎదిరించింది, రిజిస్టర్ చెప్పదు. ఎందుకంటే ఆ రిజిస్టర్ పని చేయించుకున్నోళ్లది, పని చేసినోళ్లది కాదు.

మేస్త్రీ కాడ ఉన్న పుస్తకమూ అసొంటిదే. అడ్వాన్స్ ఎంత, వేలిముద్ర ఎక్కడ, అంతే. 1979లో రాష్ట్రాలు దాటి వలస పోయే కూలీల కోసం ఒక చట్టం చేసిండ్రు. కాంట్రాక్టర్ ప్రతి కూలికి ఫొటో అతికిచ్చిన పాస్‌బుక్ ఇయ్యాలె, అందులో ఏం పని, ఎంత కూలి, దారి ఖర్చు ఎంత రాయాలె అని అందులో ఉండేది. అవ్వ లారీ ఎక్కిన ఏడాది చేసిన చట్టమే అది. పాస్‌బుక్ విలువ మనకు చెప్పనక్కర లేదు. ఆ అవ్వను అడిగితే, "గసొంటిది ఒకటుంటదని ఇయ్యాల్నే ఇంటున్న" అన్నది.

2020 కరోనా మీరందరూ చూసిండ్రు. మన స్టేషన్ మూతపడ్డది, రోడ్ల మీద మూటలు ఎత్తుకొని మనుషులు నడిచిండ్రు. మన బస్తీల నుంచి అన్నం పొట్లాలు కట్టినం. మే 1న తెల్లారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు వలస కూలీల మొదటి ప్రత్యేక రైలు పోయింది, పన్నెండు వందల మందితోని. దేశంలోనే అది మొదటిది. దానికి రెండు వారాల ముందు, మన తెలంగాణలో మిరపకాయలు ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ జిల్లా పాప, పన్నెండేండ్లది, మూడు రోజులు నడిచి నడిచి ఇల్లు కొంచెం దూరం ఉందనంగ ప్రాణం ఇడిచింది. ఆ సెప్టెంబర్‌లో పార్లమెంటులో, సొంతూళ్లకు పోతూ ఎంతమంది వలస కూలీలు చనిపోయిండ్రని అడిగితే, ఆ లెక్క తమ దగ్గర లేదని కేంద్ర ప్రభుత్వం జవాబిచ్చింది. లెక్క లేకపోతే నష్టపరిహారం ఎవరికిస్తరు? నేను ఎవరినీ తప్పు పట్టడానికి చెప్తలేను. లెక్క రాసుకోకపోతే మనిషి ఎట్ల మాయమైతడో చెప్తున్న.

అందుకే మన అమ్మల కథలు మాత్రమే రాస్తే చాలదు. ఇయ్యాల మన తెలంగాణ పొలాల్లో నాట్లు వేసే గుంపులు బీహార్ నుంచి, బెంగాల్ నుంచి వస్తున్నయి. పట్నం చుట్టూ ఇటుక బట్టీల్లో ఒడిశా బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఆలుమగలు పిల్లలతో సహా అడ్వాన్స్ తీసుకొని వచ్చి, ఎండాకాలం అయ్యేదాకా ఇటుకలు కోస్తున్నరు. మన గల్లీలోనే ఒక్క రూములో అయిదుగురు ఉండే పిల్లలు ఉన్నరు. మనం ఒకప్పుడు ఏ భాష రాని ఊరికి పోయినమో, వాళ్లు ఇప్పుడు మన ఊరికి వచ్చిండ్రు. వాళ్ల మాట హిందీలో అయినా, ఒడియాలో అయినా విని పెడదాం.

ఈ మాట పోయిన నెల కార్యవర్గంలో పెడితే కొందరు అక్కలు అడ్డం చెప్పిండ్రు. వాళ్ల మాట తీసిపారేసేది కాదు, అందుకే ఇక్కడ అందరి ముందర చెప్తున్న.

ఒక అక్క అన్నది, "మా అమ్మ అడుక్కున్నట్టు బతికిన సంగతి పుస్తకంలో వస్తే, రేపు నా బిడ్డ అత్తగారింట్ల ఏమంటరు?" నిజమే, సిగ్గు అందరికీ ఉంటది. అందుకే చెప్పే మనిషి ఇష్టం మీదనే నడవాలె. పేరు వద్దంటే పేరు ఉండదు, ఊరు వద్దంటే ఊరు ఉండదు. కానీ ఒక్క మాట. కష్టం చేసి తిన్నందుకు మనం సిగ్గుపడాల్నా, కొలత తగ్గించినోడు సిగ్గుపడాల్నా?

ఇంకో అక్క అన్నది, "దీంతోని లోన్ వస్తదా?" రాదక్కా. రూపాయి రాదు. కానీ మన పిల్లలకు 'మీ అమ్మమ్మ కూలిది' అని బయటోళ్లు చెప్తే తల దించుకుంటరు. 'మీ అమ్మమ్మ ముప్పై కుటుంబాల కూలి నిలబెట్టింది' అని మనం చెప్తే తల ఎత్తుతరు. ఇప్పుడు అడ్డా మీద నిలబడే చిన్నపిల్లలు, కూలి ఎగ్గొడితే ఏం చేయాల్నో ఆ కథల్ల నుంచి నేర్చుకుంటరు.

మరి ఎట్ల చేయాలె? మా సంఘంల చేసి చూసినం కాబట్టి చెప్తున్న.

మొదలు పర్మిషన్ అడగాలె. ఎందుకు అడుగుతున్నమో, ఎవరికి చూపిస్తమో చెప్పాలె. నడుమల వద్దంటే ఆపేయాలె. ఆమె పని అయిపోయినంక, ఆమె ఇంట్లనే కూసోవాలె. కొడుకు, కోడలు ఎదురుగా ఉంటే కొన్ని మాటలు రావు, అది చూసుకోవాలె.

"నీ కథ చెప్పు" అంటే ఎవరూ చెప్పరు. "నాకేం కథ ఉంది" అంటరు. చిన్న చిన్నవి అడగాలె. లారీల ఏం తిన్నరు? రాత్రి ఏడ పండుకున్నరు? పిల్లకు పాలు ఎప్పుడిచ్చినవు? మొగోళ్లకెంత, నీకెంత? మొదటి కూలితో ఏం కొన్నవు? కూలి ఎగ్గొట్టినప్పుడు మొదలు నోరు తెరిచింది ఎవరు? ఈ ఆఖరి ప్రశ్న మరువొద్దు. దానితోనే నాయకురాలు బయటికి వస్తది.

సంవత్సరం అడిగితే మన పెద్దవాళ్లకు తెలవదు. గుర్తు పెట్టి అడగాలె. తెలంగాణ లొల్లి అంటే 1969. ఎమర్జెన్సీ అంటే 1975. స్కైలాబ్ అంటే 1979. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం 1983. ఇందిరమ్మను చంపిన ఏడు 1984. దూబగుంట ఆడోళ్ల సారా లొల్లి 1992. "అప్పటికి నీ పెద్దోడు పుట్టిండా, నడుస్తుండెనా?" అంటే టక్కున చెప్తరు.

రాసేటప్పుడు ఆమె మాటలనే రాయాలె. 'గట్క' అంటే 'గట్క' అనే రాయాలె, సక్కదిద్దొద్దు. ఓడిపోయింది, కొట్లాడుకున్నది, అప్పు తీరనిది కూడా రాయాలె. అన్నీ గెలిచినట్టు రాస్తే నమ్మరు, నమ్మినా దానితోని ఏం నేర్చుకోరు. రాసినంక ఆమెకు చదివి వినిపియ్యాలె. తీసేయమన్నది తీసేయాలె. మేస్త్రీ పేరు, మనిషి పేరు పెడితే గొడవైతదనిపిస్తే పేరు లేకుండ రాయాలె.

ఫోన్ల రికార్డు చేస్తే తేదీ, చెప్పినామె ఊరు, విన్నామె పేరు మొదట్లనే మాట్లాడి పెట్టాలె. ఫోన్ పోతే కథ పోతది, అందుకే మెమరీ కార్డులో ఇంకో కాపీ ఉంచాలె. ఆమె ఒప్పుకోకుండ వాట్సాప్ గ్రూపులల్ల పెట్టొద్దు. ఇది గట్టిగ చెప్తున్న. పాత రేషన్ కార్డు, మేస్త్రీ ఇచ్చిన చీటీ, గడ్డపార, తట్ట ఏమున్నా ఫొటో తీసుకొని వస్తువు ఆమె కాడనే ఉంచాలె. అవి మనవి కావు, ఆమెవి.

కాలేజీకి పోయే మన ఆడపిల్లలు దీనికి చేయి కలపాలె. రాయనీకి వాళ్లు, అడగనీకి మనం. అమ్మమ్మ పక్కన మనవరాలు కూసొని రాస్తే, ఆ పిల్లకు అది ఏ బడిలోనూ చెప్పని పాఠం.

ఇగ మూడు తీర్మానాలు మీ ముందర పెడుతున్న. ఒకటి, మన సమాఖ్యలోని ప్రతి సంఘం వచ్చే సర్వసభ్య సమావేశం నాటికి కనీసం ఒక్కరి బతుకు కథ రాయాలె. అందరికంటే పెద్ద వయసు ఉన్నామెతోని మొదలు పెట్టాలె. రెండు, ప్రతి సంఘం పొదుపు పుస్తకాల పక్కన ఒక రిజిస్టర్ కొనాలె, దాని మీద 'బతుకు పుస్తకం' అని రాయాలె. ఒక కాపీ సమాఖ్య ఆఫీసు బీరువాలో, ఒక కాపీ ఆ ఇంట్ల. మూడు, వచ్చే ఏడాది నుంచి మన వార్షిక నివేదికలో లెక్కల తర్వాత రెండు కథలైనా అచ్చు వేయాలె, చెప్పినోళ్లు ఒప్పుకుంటేనే. రిజిస్టర్‌కు అయ్యే ఖర్చు ఒక్కో సంఘానికి వంద రూపాయలు దాటదు. మీటింగ్ చాయ్ ఖర్చు కంటే తక్కువే.

ఆ దిమ్మ సంగతి ఒక్కసారి మతికి తెచ్చుకోండి అక్కలారా. అది లేకపోతే ఎంత తవ్వినమో ఎవరికీ తెలవదు, ఎవడు ఏది చెప్తే అదే కొలత. మన పెద్దవాళ్లు బతికి ఉన్నన్ని రోజులే వాళ్లు మనకు సాక్షి. వాళ్లను అడిగే పని ఈ వారమే మొదలు పెడదాం. ఆదివారం మా సంఘం వాళ్లం తుకారాంగేట్‌లో ఒక అవ్వ ఇంటికి పోతున్నం, ఎట్ల అడగాల్నో చూడాలనుకున్నోళ్లు మాతోని రావచ్చు. మీటింగ్ అయినంక నా కాడ పేర్లు రాయించండి.

తీర్మానాలకు ఒప్పుకునేటోళ్లు చేతులెత్తాలని అధ్యక్షురాలు అక్క తరఫున అడుగుతున్న.